నురగ గట్టిపడేలోపు

నవంబర్ 4, సోమవారం

అన్నయ్య ఈ రోజు రెండు సిలిండర్లు తెచ్చాడు. చిన్న గ్యాస్ బండల్లా ఉన్నాయి. ఒకదాని మీద ఎర్ర గీత, ఇంకోదాని మీద నీలం గీత. రెండింటి నుంచీ గొట్టాలు వచ్చి తుపాకీలాంటి ఒక పరికరంలో కలుస్తాయి. మీట నొక్కితే రెండు మందులూ కలిసి నురగలా వస్తాయట. కప్పుకి పట్టి, పొంగి, గట్టిపడుతుందట. ఆ తర్వాత చలి లోపలికి రాదు.

హాల్లో అందరినీ కూచోబెట్టి మరీ చెప్పాడు. కుళాయిల కంపెనీ ఏజెంటు కదా, ఏది చెప్పినా అమ్ముతున్నట్టే చెప్తాడు. ఇంట్లో వాడి పేరు ఇంజనీరు. ఇంజనీరింగ్ రెండేళ్లు చదివి మానేశాడు. పేరు మాత్రం మానలేదు.

"పనివాళ్లెందుకు? మనమే కొట్టుకోవచ్చు. చెయ్యి దూరని చోటికి కూడా వెళ్తుంది ఇది," అన్నాడు.

చెయ్యి దూరని చోటంటే నా గది వెనక సందు. మేడ మీద నా గది ఒక్కటే. కప్పు ఏటవాలుగా దిగే చోట నడుమెత్తు చెక్కగోడ ఉంది. దాని వెనక, రేకుకీ నేలకీ మధ్య, పొడుగాటి సందు. లోపలికి వెళ్లడానికి కిటికీ రెక్కంత తలుపు. చలి వచ్చేది అక్కడినుంచే.

నాన్న కళ్లద్దాలు సర్దుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశారు. ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి.

"అమ్మాయి ఆ సందులో పట్టేట్టుందేమో అడుగు," అన్నారు అమ్మతో. నేను అమ్మ పక్కనే ఉన్నాను.

"పడతావా?" అంది అమ్మ.

"పడతాను."

"పడుతుందటండీ."

మా ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ ఇలాగే నడుస్తాయి. నాన్న నాకు చెప్పాల్సినవి, నేను నాన్నకి చెప్పాల్సినవి, అన్నీ అమ్మ చేతి మీదుగానే. అమ్మ మా పోస్టాఫీసు.

మూడు చలికాలాలు ఆ గదిలో చేతులకి ఊలు తొడుగులు వేసుకుని ప్రూఫులు దిద్దాను. ఇప్పటికి గుర్తొచ్చింది వీళ్లకి. అసలు రాకపోవడం కన్నా నయం. కోపమేమీ లేదు.

నవంబర్ 5, మంగళవారం

సూచనల పుస్తకం చదివాను. ఇరవై నాలుగు పేజీలు. బడిపిల్లల పుస్తకాలు దిద్దే ఉద్యోగం నాది, అచ్చుతప్పులు కనబడక మానవు. మూడున్నాయి. కానీ విషయం స్పష్టంగానే ఉంది. సిలిండర్లు గోరువెచ్చగా ఉండాలి, లేకపోతే మందులు సరిపాళ్లలో కలవవు. పల్చటి పూత వేసి, పొంగనిచ్చి, ఆ తర్వాతే ఇంకో పూత. అర నిమిషం ఆపితే తుపాకీ ముక్కు బిగుసుకుపోతుంది, కొత్తది తగిలించాలి. మాస్కు, కళ్లకి అద్దాలు, ఒంటినిండా సూటు. గర్భిణులు ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. సీలు తీశాక ముప్పై రోజుల్లో వాడేయాలి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అన్నయ్యకిచ్చాను.

"పరీక్షకి చదువుతున్నావే పిచ్చుకా? మీట నొక్కడమే," అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టీపాయ్ కాలి కింద పెట్టాడు.

నవంబర్ 7, గురువారం

వదినకి ఐదో నెల. వాసన పడకూడదని వాళ్ల అమ్మగారింటికి పంపారు. వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు. ఏమిటో.

నవంబర్ 9, శనివారం

సూటు వేసుకుని, మోచేతుల మీద పాకుతూ సందులోకి వెళ్లాను. తలెత్తితే రేకు తగులుతుంది. ఒళ్లు తిప్పడానికి లేదు. ముందుకి వెళ్లడం, అలాగే వెనక్కి రావడం. అన్నయ్య గదిలో సిలిండర్ల దగ్గర నిలబడి, చిన్న తలుపులోంచి గొట్టం అందిస్తూ అరుస్తున్నాడు.

మీట నొక్కాను. తెల్లగా రావాల్సింది గోధుమరంగులో వచ్చింది. పొంగలేదు. పాకంలా తీగలు సాగుతూ కిందికి కారింది.

"ఇది సరిగ్గా రావడం లేదు అన్నయ్యా. సిలిండర్లు చల్లగా ఉన్నాయేమో."

"రాత్రంతా వరండాలోనే ఉన్నాయి. ఏం పర్వాలేదు, కొట్టు కొట్టు. తర్వాత పొంగుతుంది."

కొట్టాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా. పొంగలేదు.

గంట తర్వాత అన్నయ్య తల ఒక్కటి లోపల పెట్టి చూశాడు. కిందికెళ్లి, "దానికి చెయ్యి తిరగలేదు," అని చెప్పాడు.

"జాగ్రత్తగా చెయ్యమను," అన్నారు నాన్న, అమ్మతో.

"జాగ్రత్తగా చెయ్యవే," అంది అమ్మ, నాతో.

సిలిండర్ల మాట అప్పుడే అనాల్సింది.

నవంబర్ 10, ఆదివారం

ఏడు గంటలు గీకాను. జిగురు చచ్చినా వదలదు. తొడుగుకీ సూటుకీ మధ్య మణికట్టు మీద పడింది. సబ్బు, కిరసనాయిలు, దేనికీ పోలేదు. చర్మంతో పాటే రాలిపోవాలని పుస్తకంలో ఉంది.

కాన్వెంటులో మా క్లాసు సిస్టర్ చెప్పేవారు, కోపంగా ఉన్నప్పుడు విశేషణాలు తీసేసి రాయమని. రాస్తున్నాను. అన్నయ్య సిలిండర్లు వరండాలో పెట్టాడు. నేను ఇచ్చిన కాగితం చదవలేదు. నేను గీకుతుంటే వాడు పడుకున్నాడు.

తీసేసినా ఏం తగ్గలేదు సిస్టర్.

నవంబర్ 13, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్నయ్య నా గదిలో టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. కిటికీ కిందికి ఉంది, కడ్డీలు పెట్టించాలని నాన్న అన్నారట. గోడలకి రంగు కూడా వేయిస్తారట. లేత పసుపు.

నేను ఈ కిటికీ దగ్గర మూడేళ్లుగా కూచుంటున్నాను, ఒక్కసారీ పడిపోలేదు. పసుపు కూడా నాకు అంత ఇష్టం లేదు. కానీ వీళ్లు నా గురించి ఇంత ఆలోచించడం ఇదే మొదలు. వంకలు పెట్టకూడదు.

నవంబర్ 16, శనివారం

ఈసారి సిలిండర్లని శుక్రవారం సాయంత్రమే నా గదిలోకి లాక్కొచ్చి, హాల్లోంచి తెచ్చిన హీటరుకి కాస్త దూరంగా పెట్టుకున్నాను. ఎవరినీ అడగలేదు.

తెల్లగా వచ్చింది. రేకు మీద వేలిమందం గీత. చూస్తుండగానే ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, పక్క గీతని తాకి, కలిసిపోయి ఆగింది. మూడు నిమిషాలకి తట్టి చూస్తే చెక్కలా మోగింది. అద్దాల వెనక నవ్వుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది.

వరస తర్వాత వరస. నా మంచం వెనక, నా బల్ల వెనక, నా పుస్తకాల వెనక.

నవంబర్ 17, ఆదివారం

ఒక్క మూల మిగిలింది. మెట్ల మీదుగా కప్పు బాగా కిందికి దిగే చోటు. అక్కడ పొట్ట మీద పడుకునే వెళ్లాలి. చేతులు లేవడం లేదు. వచ్చే శనివారం.

నవంబర్ 19, మంగళవారం

వదిన వచ్చింది. గోడ పట్టుకుని మెల్లిగా మెట్లెక్కి పైకి వచ్చింది. నా మంచం మీద కూచుని చుట్టూ చూసింది.

"నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆయన చెప్పగానే ఏడ్చేశాను. మా అమ్మ కూడా ఏడ్చింది. సొంత చెల్లెళ్లే ఇవ్వరు, నువ్వు అడక్కుండానే ఇస్తానన్నావట."

"ఏం ఇస్తానన్నాను?"

వదిన నవ్వింది. "చూడు, ఇచ్చింది కూడా గుర్తుండదు నీకు. గదే తల్లీ! పుట్టేవాడికో పుట్టేదానికో నీ గది ఇస్తానన్నావటగా. మేం పైకి వచ్చేస్తే, నీకు వంటింటి పక్కన కుట్టుమిషను ఉన్న గదిలో మంచం వేస్తారట. అందులో కిటికీ లేదు కదా? గాలి ఆడుతుందా?"

"పర్వాలేదు వదినా," అన్నాను.

నేనే అన్నాను. నా గొంతే.

నవంబర్ 20, బుధవారం

ఆఫీసులో ఒకే పేజీ నాలుగుసార్లు దిద్దాను.

నవంబర్ 21, గురువారం

అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నాన్న, అన్నయ్య ఇంట్లో లేరు. వదిన పడుకుంది.

"నా గది ఇస్తానని నేనెప్పుడన్నానమ్మా?"

అమ్మ దిండు గలీబు దులిపింది. మళ్లీ దులిపింది.

"చెబుదామనే అనుకున్నానే."

"ఎప్పుడు?"

"రెండు నెలల కిందటే మీ నాన్న చెప్పమన్నారు. అప్పుడు నీకు జ్వరం. తగ్గాక చెబుదామనుకున్నా. తగ్గాక నువ్వు ఆఫీసు కాగితాల్లో తల దూర్చావు. ఈలోపు ఆయన, చెప్పావా చెప్పావా అని."

"ఏమన్నావు?"

"చెప్పాను, సరేనంది అన్నాను."

"నేను అనలేదు కదమ్మా."

"అనేదానివేగా! నువ్వెప్పుడు కాదన్నావు గనక? ఎలాగూ సరేనంటావని ముందే చెప్పేశాను. అందులో తప్పేముంది?"

నిజంగానే అడుగుతోంది. అమ్మ మొహంలో ఎక్కడా మోసం లేదు. అందుకే గలీబు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. మడతపెట్టి ఇచ్చాను.

అమ్మ 'సరేనంది' అంది. నాన్న దాన్ని 'ఒప్పుకుంది' చేశారు. అన్నయ్య వదిన దగ్గరికి వెళ్లేసరికి 'తనే ఇస్తానంది' అయింది. మనిషి మనిషికీ నేను ఇంకొంచెం మంచిదాన్నయ్యాను. ప్రూఫు ప్రూఫుకీ కొత్త తప్పులు చేరడం చూశాను గానీ, నా మీదే చేరడం ఇప్పుడు చూస్తున్నాను.

పసుపు. కిటికీ కడ్డీలు. టేపు. అన్నీ కళ్లముందే ఉన్నాయి. చదవడం నా ఉద్యోగం.

ఏడు గంటలు గీకాను. రెండు వారాలు మోచేతుల మీద పాకాను. నన్ను పంపించేయడానికి నా చేతే పని చేయించుకున్నారు. "పడతావా?" అని అడిగారు గానీ, అసలు మాట ఒక్కరూ అడగలేదు. నాకు ఈ ఇంట్లో తలుపు వేసుకోగలిగిన చోటు అదొక్కటే. అదొక్కటే.

నవంబర్ 23, శనివారం

వదినని మళ్లీ రెండు రోజుల కోసం అమ్మగారింటికి పంపారు.

"చివరి మూల ఒక్కటే. పావుగంట పని," అన్నాడు అన్నయ్య, సూటు నా మీదికి విసురుతూ.

"నేను వెళ్లను."

"ఏంటి?"

"లోపలికి వెళ్లను."

నాన్న పేపరు దించారు. "ఏమంటోంది?"

"వెళ్లనంటోందండీ," అంది అమ్మ. నా వైపు చూడలేదు.

"ఎందుకట?"

"ఎందుకే?" అంది అమ్మ. ఎందుకో ఆవిడకి తెలుసు.

నిన్నంతా వాక్యాలు తయారుచేసి పెట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు. తల అడ్డంగా మాత్రం ఊపాను.

"పెద్ద బ్రహ్మవిద్య! నేనే వెళ్తా," అన్నాడు అన్నయ్య. సూటు జిప్పు పొట్ట దగ్గర ఆగిపోయింది. తల, భుజాలు, పొట్ట దాకా లోపలికి వెళ్లాడు. ఊపిరాడటం లేదని మాస్కు గడ్డం కిందికి లాగాడు. వద్దన్నాను. మూల దూలం దగ్గర ఇరుక్కున్నాడు. వెనక్కి రాబోయి మీట నొక్కేశాడు.

"లాగండి! లాగండి!"

నాన్న ఒక కాలు పట్టుకున్నారు. అమ్మ ఇంకో కాలు.

"ముందు ఏది లాగాలిరా?" అంది అమ్మ.

"రెండూ నావేనే అమ్మా!"

బయటికి వచ్చేసరికి మీసం మీద కోడిగుడ్డంత తెల్లటి ముద్ద. ఇంకా ఉబ్బుతోంది. నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను.

"నవ్వుతావేమే? ముందే చెప్పొచ్చుగా ఇలా అంటుకుంటుందని!"

"కాగితం మీద రాసిచ్చాను."

"ఏ కాగితం?"

"టీపాయ్ కింద ఉంది."

గుడ్డతో తుడిచే లోపే గట్టిపడింది. మీసం మొత్తం తీసేయాల్సి వచ్చింది. అద్దంలో చూసుకుని పై పెదవి తడుముకున్నాడు. మీసం లేకపోతే వాడు పదోక్లాసులో నా పెన్సిళ్లు ఎత్తుకెళ్లినవాడిలా ఉన్నాడు. మూల అలాగే ఉండిపోయింది.

నవంబర్ 24, ఆదివారం

బస్సెక్కి వదిన వాళ్ల అమ్మగారింటికి వెళ్లాను. గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి వాళ్లమ్మే చూసింది.

"అయ్యో, లోపలికి రామ్మా! ఇదిగోనే, మీ ఆడపడుచు," అని లోపలికి కేకేసింది. నా గడ్డం పుణికింది. "మా అమ్మాయి చెప్పింది. ఈ కాలంలో నీలాంటి పిల్లలు ఉన్నారా అసలు!" కాఫీ ఇచ్చింది. ఎదురుగా కూచుంది. కదిలేట్టు లేదు.

కాఫీ మొత్తం తాగాను. కప్పు కింద పెట్టాను.

"వదినా, గది ఇస్తానని నేను అనలేదు."

వదిన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. అది నా గది. ఇవ్వడం నాకు ఇష్టం లేదు."

"మరి ఆ రోజు పర్వాలేదన్నావు?"

"అబద్ధం చెప్పాను."

వాళ్లమ్మ కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

"నేను అందరికీ చెప్పుకున్నాను," అంది వదిన. "మా పిన్నికి, పక్కింటివాళ్లకి, ఆసుపత్రిలో నర్సుకి కూడా. నా ఆడపడుచు అంత, నా ఆడపడుచు ఇంత అని. ఇప్పుడు నేనేమయ్యాను? నీ గది లాక్కోవడానికి వచ్చినదాన్ని."

"నువ్వు కాదు వదినా."

"ఆ ముక్క ఆ రోజే అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? మీ ఇంట్లో అందరూ ఇంతేనా? ఒకరు చెప్పరు, ఒకరు అడగరు!" కళ్లు తుడుచుకుంది. "వెళ్లు. రేపొస్తాను. వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నీ మీద కోపం వేరే ఉంది. అది తర్వాత."



నవంబర్ 25, సోమవారం

మెట్ల మీద కూచుని విన్నాను. దాక్కోలేదు.

"ఏమండీ, మన గదిలో సగం ఎవరుంటున్నారు?" అంది వదిన.

"ఎవరుంటారు?"

"కుళాయిలు. పెళ్లై మూడేళ్లు, షవర్ల మధ్య కాపురం చేస్తున్నాను. మంచం కింద పంపులు, బీరువా మీద పంపులు. ఆ డబ్బాలు తీసేస్తే ఉయ్యాల కాదు, బడి పెట్టొచ్చు."

"శాంపిళ్లవి. ఎక్కడ పెట్టను?"

"నాకేం తెలుసు? మీ నెత్తిన పెట్టుకోండి. పుట్టబోయే బిడ్డ కన్నా ముందు వాటికి గది చూడాలా నేను?"

నాన్న గొంతు సవరించుకున్నారు. "కోడలితో చెప్పు, అమ్మాయి ముందే ఒప్పుకుందని..."

"నాకే చెప్పండి మామయ్యా, ఎదురుగానే ఉన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోవడం మీరు విన్నారా?"

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ గోడ వైపు చూసింది.

"విన్నారా?"

"లేదు," అన్నారు నాన్న.

నవంబర్ 27, బుధవారం

అమ్మ నా కంచం కాస్త గట్టిగా పెడుతోంది. "ఒక్క గదికి ఇంత రాద్ధాంతం," అన్నారట నాన్న. ఇది మాత్రం వెంటనే చేరవేసింది అమ్మ. అడగాల్సిన మాటలకి రెండు నెలలు, ఇలాంటివాటికి రెండు నిమిషాలు.

వదిన ఉప్పు అందించింది. నా వైపు చూడకుండా. ఇంతకు ముందు సాయంత్రాలు పైకి వచ్చి నా మంచం మీద కూచునేది. ఇప్పుడు రాదు. దానికి నాకు చాలా బాధగా ఉంది. అయినా గది ఇవ్వను. ఈ రెండూ ఒకేసారి ఉండొచ్చని ఎవరూ నాకు చెప్పలేదు.

ఒక్క గది. ఒక్కటేనని వాళ్లకీ తెలుసన్నమాట.

నవంబర్ 30, శనివారం

వదిన తనే బట్టలు సర్దుకుని రెండు రోజుల కోసం వెళ్లింది. ఎవరూ పంపలేదు.

సూటు నేనే తీసి వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. అన్నయ్య సిలిండర్ల దగ్గర నిలబడ్డాడు. చేతిలో నా కాగితం, మడతల దగ్గర నల్లగా మాసిపోయి. "ఎరుపు తిప్పాను." "నీలం తిప్పాను." అంతే మాట్లాడాడు.

పొట్ట మీద పాకుతూ వెళ్లాను. దూలం కింద చెయ్యి చాచి, వెనకనుంచి ముందుకి, పల్చగా. ఆగాను. పొంగింది. ఇంకో పూత. ముక్కు మార్చాను. ఇంకో పూత. ఈసారి ఎవరి కోసం కొడుతున్నానో నాకు తెలుసు. అంత బాగా ఇంకెప్పుడూ రాలేదు.

పుస్తకంలో ఉన్నట్టు రాత్రికి హాల్లో పడుకుంటాను. రేపటికి ఆరుతుంది.

డిసెంబర్ 1, ఆదివారం

పొద్దున కిటికీ ఒక గంట తెరిచి మూశాను. తొడుగులు లేకుండా బల్ల దగ్గర కూచున్నాను. మధ్యాహ్నం మెట్ల మీద బరువైన అడుగులు. అన్నయ్య. రెండు చేతుల్లో మూడు డబ్బాలు, గడ్డంతో పైదాన్ని ఆపుకుని. కింద హాల్లో ఇంకా ముప్పై దాకా ఉన్నాయి.

"ఆ చెక్కగోడ వెనక ఖాళీ ఉంది కదా?"

"ఉంది."

"ఇవి అక్కడ సర్దేస్తాను. నీకేం అడ్డం రావు."

"వద్దు."

"ఏం? వెచ్చగా ఉంటుందిప్పుడు. తేమ తగలదు. ఊరికే పడి ఉన్న చోటే కదా?"

నురగ కొట్టిన చోట బరువులు పెట్టకూడదని పుస్తకంలో ఉందని చెప్పొచ్చు. నిజానికి లేదు, కానీ వాడు చదవడు. వాసన పోలేదని చెప్పొచ్చు. నడుం నొప్పని, ప్రూఫులున్నాయని, రేపు చూద్దామని, ఏదైనా చెప్పొచ్చు. వాడు డబ్బాల మీదుగా నా మొహంలోకి చూస్తూ కారణం కోసం ఆగాడు. మీసం మళ్లీ మొలుస్తోంది.

"వద్దు అన్నయ్యా," అన్నాను.

ఇంకాసేపు ఆగాడు. డబ్బాలు బరువుగా ఉన్నట్టున్నాయి, చేతులు మార్చుకున్నాడు.

నేను తలుపు వేసుకున్నాను.